కార్డులో ఇద్దరు వెంకటేశ్వర్లు

సూర్యాపేట హైవే మీద ఫకీరా అనే మనిషిని లారీ గుద్దిందని పేపర్లో వచ్చింది. గుద్దిన లారీ రివర్స్‌లో వచ్చి మరోసారి గుద్దిందన్న సంగతి మాత్రం పేపర్లో రాలేదు.

ఆ సంగతి తెలిసిన ముగ్గురూ మర్నాడు పొద్దున మిర్యాలగూడలో ఒక మూతపడ్డ రైస్ మిల్లులో కూర్చున్నారు. ఉప్పుడు బియ్యం వాసన ఇంకా వదలని ఆ గోదాములో బస్తాల చాటున కంప్యూటర్లు, వైర్‌లెస్ సెట్టు, ఒక బల్ల ఉన్నాయి. బల్లకు అటువైపు ఇంటెలిజెన్స్ చీఫ్ ప్రభాకర్. ఇటువైపు ఫీల్డ్ ఏజెంట్ జితేందర్, అతని పక్కన కంప్యూటర్ ల్యాబ్ కుర్రాడు ప్రశాంత్.

"ఫకీరా మన ఇన్‌ఫార్మర్ అని వాళ్లకు ఎలాగో తెలిసింది," అన్నాడు ప్రభాకర్. "అందుకని ఇవాళ్టి నుంచి ప్రతి మాటా కోడ్‌లోనే. ఫొటో చూడండి."

తెర మీద తెల్లటి లినెన్ సూటు వేసుకున్న మనిషి కనిపించాడు. నలభై ఏళ్లుంటాయి. చూడగానే చేతిలో పని వదిలేసి మళ్లీ చూడాలనిపించే ముఖం.

"ప్రస్తుతానికి పేరు విక్టర్. నాలుగు పాస్‌పోర్టులు, నాలుగు దేశాలు, నాలుగు పుట్టినరోజులు. ఎవరి తరఫున పనిచేస్తున్నాడో మనకు తెలుసు, నిరూపించలేం. సూర్యాపేటలో డిజిటల్ సంతకాల షాపు తెరిచాడు. ఆఫీసర్ల స్మార్ట్ కార్డులు రెన్యువల్ చేసిస్తాడు. తెలుగు నీకంటే శుభ్రంగా మాట్లాడతాడు."

జితేందర్ ఆ చివరి మాట వినలేదు. అతని చూపు ఫొటోలో విక్టర్ పక్కన ఆగిపోయింది. అక్కడ సముద్రం రంగు పట్టుచీరలో ఒక అమ్మాయి తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. విక్టర్ చెయ్యి ఆమె కుర్చీ వీపు మీద ఉంది. కుర్చీ మీదేనా, భుజం మీదా అని జితేందర్ మెడ వంచి చూశాడు. ఫొటో అక్కడ కొంచెం మసకగా ఉంది.

ఆ అమ్మాయి పేరు విక్టర్‌కు తెలిసినంతవరకు మిస్ స్యాండ్రా. అతని షాపు మేనేజరు. డిపార్ట్‌మెంట్‌కు తెలిసినంతవరకు డబుల్ ఏజెంట్. అసలు పేరు సంతోషి. కోదాడ జానమ్మ కూతురు. జితేందర్‌కు భార్య, రిజిస్టర్ ఆఫీసులో పెళ్లై ఏడాదైంది.

"గిట్ల నవ్వుడు కూడ డ్యూటీనేనా సార్?" అన్నాడు జితేందర్.

"నవ్వు డ్యూటీలో భాగం. నీ ముఖం కాదు. ముఖం సరిచేసుకో."

ప్రశాంత్ దగ్గి, తన ల్యాప్‌టాప్ ముందుకు జరిపాడు. జితేందర్‌కు అర్థమయ్యేలా చెప్పే పని అతనిది.

కోదాడ దగ్గర సున్నపురాయి క్వారీలున్నాయి. క్వారీలకు పేలుడు సామాను ఇచ్చే గోదాము ఒకటి ఊరికి దూరంగా ఉంది. అక్కడినుంచి ఒక్క పెట్టె కదలాలన్నా కోదాడ ఆఫీసులో వెంకటేశ్వర్లు అనే ఆఫీసరు తన స్మార్ట్ కార్డుతో కంప్యూటర్లో సంతకం పెట్టాలి. కార్డును దొంగిలించి లాభం లేదు, పోయిందని గంటలో తెలిసిపోతుంది. అందుకే విక్టర్ 'అప్‌డేట్' పేరుతో ఆ ఆఫీసు కంప్యూటర్లోకి తన ప్రోగ్రామ్ ఒకటి ఎక్కించాడు. విక్టర్ బయటనుంచి సైగ చేయగానే అది నిద్రలేచి, రీడర్‌లో ఉన్న కార్డులోంచి వెంకటేశ్వర్లు డిజిటల్ సంతకపు సర్టిఫికెట్‌ను ఎంచుకుని, ఒక లారీ నిండా సరుకుకు సంతకం పెట్టేస్తుంది. ఆ లారీ హైదరాబాద్ చేరితే ఏం జరుగుతుందో ప్రభాకర్ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

"కార్డు ఆయన జేబుల ఉండదా?" అడిగాడు జితేందర్.

ప్రశాంత్ నవ్వాడు. "మన దగ్గర ఏ సారు జేబుల పెట్టుకుంటడన్నా? ఆపరేటర్ శాంతాబాయికి ఇచ్చేసిండు. పొద్దున రీడర్ల పెడ్తది, సాయంత్రం తీస్తది. పిన్ నంబర్ గోడ మీద క్యాలెండర్ల రాసున్నది. మన అదృష్టం కూడ గదే. ఆ కార్డుల మనం ఇంకో సర్టిఫికెట్ పెడ్తం. అదే వెంకటేశ్వర్లు, అదే పేరు, కాని ఉత్తుత్తిది. దానితోని సంతకమైతే విక్టర్‌కు 'ఓకే' అని కనవడ్తది, గోదాముల మాత్రం మనోళ్లకు బెల్లు మోగుతది."

"రెండు సర్టిఫికెట్లు చూస్తే అనుమానం రాదా?"

"ఒక్కటే ఉంటే వస్తది. మనోళ్లు రెన్యువల్ చేయించినప్పుడు పాతది తీసెయ్యరు, పనికొస్తదేమోనని ఉంచుకుంటరు. జిల్లాల ఏ కార్డు తెరిచినా గంతే."

"అసల్దే తీసేస్తే?"

"రోజూ క్వారీల పని దానితోనే నడుస్తది. తీస్తే పొద్దుగాలనే లొల్లయితది, విక్టర్ పారిపోతడు."

అసలు చిక్కు ఆ తర్వాత చెప్పాడు. కార్డులో పనికొచ్చే సర్టిఫికెట్లు రెండుంటే, మామూలు ప్రోగ్రామ్ తెర మీద చిన్న కిటికీ తెరిచి ఏది కావాలని మనిషిని అడుగుతుంది. దొంగ ప్రోగ్రామ్ అడగదు, తనే ఎంచుకోవాలి. ముందుగా ఇచ్చిన తేదీ ఉన్నదాన్ని తీసుకుంటుందా, కొత్తగా ఇచ్చినదాన్ని తీసుకుంటుందా? పాతదాన్ని ఎంచుకునేటట్టయితే ఉత్తుత్తిదానికి వెనకటి తేదీ వేయాలి. కొత్తదాన్నయితే నిన్నటి తేదీ వేయాలి. తారుమారైతే అసలు సంతకమే పడుతుంది, అసలు సరుకే బయటికి వెళుతుంది.

"రెండు ఉత్తుత్తివి పెట్టు. ముందొకటి, వెనకొకటి."

"పాత కార్డన్నా. రెండు కంటే పట్టయి. ప్రోగ్రామ్ తెరిచి చూద్దామంటే తాళమున్నది, ముట్టుకుంటే తనను తానే చెరిపేసుకుంటది. లోపల రాసింది సూర్యాపేట షాపుల, విక్టర్ తెర మీద మాత్రమే చూడొచ్చు. చూసి చెప్పగలిగేది వదిన ఒక్కతే."

వదిన అన్న మాటలో అంత ఆప్యాయత అవసరమా అని జితేందర్‌కు అనిపించింది. అతని జబ్బే అది. దాచుకోవడం రాదు, మందు లేదు. పెళ్లైన కొత్తలో భార్య హ్యాండ్‌బ్యాగ్‌లో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టాడు. ఆమె దాన్ని కనిపెట్టి, ఒక్క మాట అనకుండా తీసి కందిపప్పు డబ్బాలో పడేసింది. ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అతను వారం రోజులు కందిపప్పు చప్పుడు విన్నాడు.

"సమాచారం ఎలా వస్తుంది?" అని ప్రభాకర్ తనే అడిగి తనే చెప్పాడు. "పెద్దగట్టు జాతర దగ్గర పడింది. సూర్యాపేట నిండా గొర్రెల బేరగాళ్లే. మీ నాన్న రామనర్సయ్య వేములపల్లిలో గొర్రెలు కాసేవాడు కదా, నీకు మేకప్ ఖర్చు కూడా ఉండదు. స్యాండ్రా మొక్కు కోసం పొట్టేళ్లు కావాలని నీ ఫోన్‌కు మెసేజ్ పెడుతుంది. 'ఒకటి పంపు' అంటే విక్టర్ ప్రోగ్రామ్ పాతదాన్ని ఎంచుకుంటుంది. 'రెండు పంపు' అంటే కొత్తదాన్ని. నువ్వు అదే ప్రశాంత్‌కు చెప్పు. అంతకుమించి ఏమీ చేయకు."

జితేందర్‌కు గొంగడి, తలపాగా, కర్ర ఇచ్చారు. తలపాగాలో ఇయర్‌పీస్, మైకు. కర్ర చివర రాగి పొన్ను, పిడి దగ్గర బటన్. నొక్కితే మనిషిని పడేసేంత కరెంటు. విక్టర్‌కేమో ఏసీ కారు, లినెన్ సూటు, పక్కన సంతోషి. తనకు గొంగడి. గవర్నమెంటు పనిలో న్యాయం ఉండదని తెలుసు గాని, మరీ ఇంతగా ఉండదని జితేందర్ అనుకోలేదు.

రెండు రోజులు సూర్యాపేట గొర్ల అంగడిలో గొర్రెల మధ్య నిలబడ్డాడు. ఒంటికి ఆ వాసన పట్టేసింది. చిన్నప్పటి వాసనే, కొత్తేం కాదు. కాని అటువైపు మనిషి ఏ సెంటు పూసుకుంటాడోనని తలచుకున్నప్పుడల్లా తన గొంగడి తనకే కంపు కొట్టింది. బేరానికి వచ్చిన హన్మా అనే ముసలాయన పొట్టేలు పళ్లు చూసి, "ఏమయ్యా, జీవాన్ని అమ్మేటట్టు లేవు, కొట్లాటకు వచ్చినట్టున్నవ్" అని కూడా అన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. మెసేజ్.

'అమ్మ మొక్కుకు పొట్టేళ్లు రెండు పంపు. స్యాండ్రా.'

రెండు. అంటే కొత్తది. బేరగాళ్లను వదిలించుకుని పక్కకు వచ్చేసరికి అరగంట పట్టింది. జితేందర్ ప్రశాంత్ నంబరు నొక్కబోయాడు. సరిగ్గా అప్పుడే అంగడి ముందు దుమ్ము రేపుకుంటూ తెల్ల కారు వచ్చి ఆగింది. అద్దం దిగింది.

వెనక సీట్లో విక్టర్. అతని భుజం మీద తల పెట్టుకుని సంతోషి. ఆమె చేతిలో కాగితం సంచి, సంచిలో ద్రాక్షపళ్లు. ఒక్కో పండు తీసి విక్టర్ నోట్లో పెడుతోంది. జితేందర్‌కు జ్వరం వచ్చినప్పుడు కూడా మాత్ర బల్ల మీద పెట్టి వెళ్లిన మనిషి ఆమె.

సంతోషి కళ్లు అంగడంతా తిరిగి అతని మీద ఆగాయి. ఆగి, జరగలేదు. అతన్ని చూస్తూనే ఇంకో పండు విక్టర్ పెదవులకు అందించింది. చీర కొంగుతో అతని మూతి తుడిచింది. అప్పుడు నవ్వింది. ఫొటోలో నవ్వినట్టే తల వెనక్కి వాల్చి నవ్వింది.

"గొర్రెలు చూస్తానన్నారు కదా మిస్ స్యాండ్రా," అన్నాడు విక్టర్ శుభ్రమైన తెలుగులో. "దిగరా?"

"వద్దు. ఈడనే బాగున్నది," అంది సంతోషి, భుజం మీదినుంచి తల ఎత్తకుండా. "గా గొర్లోని వాసన ఈడిదాంక కొడుతున్నది."

అద్దం లేచింది. కారు పోయింది.

జితేందర్ ఒంట్లో నెత్తురు చెవుల్లోకి ఎక్కింది. ఏడాది పాటు అనుమానపడ్డందుకు ఏడాది పాటు సిగ్గుపడ్డాడు. ఇప్పుడు సిగ్గు లేదు. ఒక విధంగా హాయిగా కూడా ఉంది. తను అన్నదే నిజమైంది. ఆమె అటు తిరిగిపోయింది. ద్రాక్షపళ్లతో సహా తిరిగిపోయింది. ఇంక ఆమె పంపిన మెసేజ్ మాత్రం నిజమెలా అవుతుంది? రెండు అందంటే నిజం ఒకటి. కొత్తది అందంటే నిజం పాతది. తనలాంటి పాతదాన్ని తీసిపారేయడం ఆమెకు కొత్తేం కాదు కదా అని కూడా అనుకున్నాడు, మనసు ఇంకా మండాలని.

ప్రశాంత్ ఫోనెత్తాడు. "చెప్పన్నా. వదిన ఏమన్నది?"

ఏం చెప్పాలో జితేందర్‌కు తెలుసు. 'మెసేజ్ ఇదీ, నా అనుమానం ఇదీ, చీఫ్‌ను అడుగు' అనాలి. కాని అలా అంటే, నా పెళ్లాం నన్ను వదిలేసిందని డిపార్ట్‌మెంట్ అంతటికీ చెప్పినట్టవుతుంది.

"ఒకటి పంపమన్నది," అన్నాడు.

మర్నాడు కోదాడ.

ఆఫీసు తెరవగానే ప్రశాంత్ యాంటీవైరస్ కంపెనీ టోపీ పెట్టుకుని లోపలికి వెళ్లాడు. శాంతాబాయి కుర్చీ వేసింది, మంచినీళ్లు ఇచ్చింది, అడగకుండానే కార్డు చేతిలో పెట్టింది. "పిన్ గా క్యాలెండర్ల ఉన్నది బిడ్డా, ఫిబ్రవరి పేజీ తిప్పు," అంది. అతను కార్డులో ఉన్న గడువు తీరిన సర్టిఫికెట్‌ను తీసేసి, ఆ జాగాలో ఉత్తుత్తి వెంకటేశ్వర్లును పెట్టాడు. దాని తేదీ అసలుదానికంటే ఏడాది వెనకటిది. ప్రశాంత్ బయటికొచ్చి రోడ్డవతల కూరగాయల వ్యాన్‌లో కూర్చున్నాడు. ఆఫీసు తెర మీద జరిగేదంతా వ్యాన్‌లో అతని తెర మీద కనపడుతుంది.

జితేందర్ ఆఫీసు గేటు పక్కన పొట్టేలును పట్టుకుని కూర్చున్నాడు. ప్రభాకర్ మనుషులు గోదాము దగ్గర పొంచి ఉన్నారు.

పన్నెండు దాటాక తెల్ల కారు వచ్చింది. విక్టర్ ఒళ్లో ల్యాప్‌టాప్ ఉంది. సంతోషి దిగి, చేతిలో చిన్న బ్యాగుతో, జితేందర్ వైపు చూడకుండా ఆఫీసులోకి వెళ్లింది. షాపు తరఫున సపోర్ట్ మేడం. కార్డు రీడర్‌లోంచి ఎవరూ తీయకుండా చూసుకోవడం ఆమె పని.

తలపాగాలో ప్రశాంత్ గొంతు. "అన్నా, ఒకటి అడుగుతా, ఏమనుకోకు."

"అడుగు."

"విక్టర్ పాతదాన్ని ఎందుకు ఎంచుకుంటున్నడు? నిజంగ రాసేటోళ్లు ఎవ్వరూ గట్ల రాయరు. అందరం కొత్తదే తీసుకుంటం, గడువు ఎక్కువుంటది గదా. రాత్రంతా గదే ఆలోచించిన. వదిన 'రెండు' అనుంటే మారు మాట్లాడకుండ పని చేసేటోన్ని. సరే, చూసిన మనిషి చెప్పింది గద."

జితేందర్ చేతిలో పొట్టేలు తాడు వదులైంది.

అందరూ కొత్తదే తీసుకుంటారు. సంతోషి రెండు అంది. అంటే ఆమె నిజమే చెప్పింది. ద్రాక్షపళ్లు డ్యూటీ, నవ్వు డ్యూటీ, మూతి తుడవడం కూడా డ్యూటీయే. ఆ విదేశీవాడి భుజం మీద ప్రాణం పణంగా పెట్టి తల ఆనించి, చూసింది చూసినట్టు పంపింది. తను దాన్ని మార్చాడు. ఇప్పుడు అసలు సంతకం పడుతుంది. లారీ వెళ్లిపోతుంది. ఫకీరాకు పట్టిన గతే ఆమెకూ పడుతుంది.

"ప్రశాంత్, కార్డు మార్చాలె."

"ఏంది?"

"నేను అబద్ధం చెప్పిన. ఆమె రెండు అన్నది. కొత్త తేదీది పెట్టు."

ప్రశాంత్ మెల్లగా అన్నాడు. "అన్నా, కార్డు రీడర్ల ఉన్నది. విక్టర్ కంప్యూటర్ సైగ పంపింది. కోడ్ లేచింది."

జితేందర్ పరుగెత్తాడు. కార్డును గుంజేస్తే చాలు. మిషన్ చెడిపోయినా సరే, విక్టర్ తప్పించుకున్నా సరే, లారీ కదలకూడదు. గొంగడి భుజం మీద జారుతుండగా ఆఫీసు మెట్లెక్కి హాల్లోకి దూసుకొచ్చాడు. అటు శాంతాబాయి బల్ల. బల్ల మీద కంప్యూటర్. దాని పక్కన సిగరెట్ పెట్టెంత రీడర్, దాంట్లో సగం బయటికి కనిపిస్తున్న కార్డు. రీడర్ మీద పచ్చలైటు కొట్టుకుంటోంది.

మధ్యలో సంతోషి నిలబడింది.

"ఏయ్, ఏడికి?" అంది.

"జరుగు."

"ఎవడయ్యా వీడు? గొర్లోడు ఆఫీసులకు వస్తడా? బయటికి నడువ్."

"జరుగుమంటున్న," అన్నాడు జితేందర్ పళ్ల బిగువున. ఆమెను తోసి చెయ్యి చాచాడు. ఆమె రెండు చేతులతో అతని ఛాతీ మీద గట్టిగా నెట్టింది. చిన్నగా కనిపిస్తుంది గాని ట్రైనింగ్‌లో ఆమెది అతనికంటే మంచి ర్యాంకు. అతను రెండడుగులు వెనక్కి పోయి బీరువాకు తగిలాడు.

తలపాగాలో ప్రశాంత్ చెబుతూనే ఉన్నాడు. "కార్డు దొరికింది. సర్టిఫికెట్లు చదువుతున్నది. ఇద్దరు వెంకటేశ్వర్లు. ఇద్దరికీ గడువున్నది. ఇద్దరికీ సంతకం హక్కున్నది. ఇప్పుడు తేదీలు పోలుస్తున్నది."

జితేందర్ మళ్లీ ముందుకొచ్చాడు. సంతోషి మళ్లీ అడ్డం వచ్చింది. ఆమె కళ్లలోకి చూశాడు. అక్కడ భయం లేదు. అతన్ని ఆపాలన్న పట్టుదల మాత్రం ఉంది. విక్టర్ కోసం ఆపుతోంది. నిన్న తను అనుకున్నదే నిజమని, ఇవాళ అనుకున్నది అబద్ధమని, అంతలోనే రెండూ కాదని అతని బుర్ర గిర్రున తిరిగింది.

"అయ్యా, జర బయట నిలవడు," అంది శాంతాబాయి జాలిగా. "సారు భోజనానికి పోయిండు. వచ్చినంక మాట్లాడుదువు."

పచ్చలైటు కొట్టుకోవడం ఆగి, నిలకడగా వెలిగింది.

"అయిపోయింది," అన్నాడు ప్రశాంత్. "సంతకం పడ్డది."

జితేందర్ ఇయర్‌పీస్ పీకేద్దామని తలపాగాలోకి చెయ్యి పెట్టాడు.

"అన్నా, పాతది తీసుకున్నది. మనది. మన ఉత్తుత్తి వెంకటేశ్వర్లునే తీసుకున్నది."

జితేందర్ బీరువా పట్టుకుని నిలబడ్డాడు. సంతోషి అతని ముఖం చదివింది. ఆమె భుజాలు ఒక్కసారి కిందికి జారాయి, అంతే. మళ్లీ మిస్ స్యాండ్రా అయిపోయింది.

బయట కారులో విక్టర్ తెర మీద 'ఓకే' చూసి లారీకి ఫోన్ చేశాడు. లారీ గోదాములోకి వెళ్లింది. దాని వెనక ఇనుప గేటు పడింది. పెట్టెలు తీసిస్తారని ఎదురుచూసిన డ్రైవర్‌కు పెట్టెల చాటునుంచి ప్రభాకర్ మనుషులు లేచి నమస్కారం పెట్టారు. ఆ డ్రైవర్ ఫోన్‌లో వేసిన కేక విక్టర్ చెవిలో పడింది.

విక్టర్ ఆఫీసు హాల్లోకి వచ్చినప్పుడు అతని చేతిలో పిస్టల్ ఉంది. సూటు మడత చెదరలేదు.

"మిస్ స్యాండ్రా," అన్నాడు. "మీ మీద నాకు ఎంతో గౌరవం ఉండేది."

పిస్టల్ ఆమె వైపు లేచింది. గొంగడి కప్పుకున్న మనిషిని విక్టర్ లెక్కలోకి తీసుకోలేదు. గొర్రెలవాడు ఆఫీసులో మూలకు నిలబడితే ఎవరూ లెక్కలోకి తీసుకోరు, ఏ దేశం వాడైనా అంతే. జితేందర్ కర్ర చాచి రాగి పొన్నును లినెన్ సూటుకు ఆనించి బటన్ నొక్కాడు. అవసరమైనదానికంటే చాలాసేపు నొక్కి ఉంచాడు. ద్రాక్షపళ్లన్నిటికీ సరిపోయేంతసేపు.

విక్టర్ వెళ్లి బల్ల మీద పడ్డాడు. శాంతాబాయి అతని కిందనుంచి రీడర్‌ను లాక్కుని గుండెకు హత్తుకుంది. "కార్డు పోతే సారు నన్ను తిడుతడు," అంది.

సాయంత్రం జీపు మిర్యాలగూడ వైపు పోతోంది. రోడ్డుకు రెండువైపులా నాట్లేసిన మళ్లు పచ్చగా ఉన్నాయి. వెనక సీట్లో ఇద్దరూ చెరో కిటికీ దగ్గర కూర్చున్నారు.

"నువ్వు రెండు పంపుమన్నవ్," అన్నాడు చివరికి జితేందర్.

"నేను ఒకటి అని కొట్టిన," అంది సంతోషి. "విక్టర్ ఎవ్వర్నీ నమ్మడు. కొత్తగ పుట్టిన సర్టిఫికెట్ పోలీసోళ్లదే అయి ఉంటదని, పాతదాన్నే తీసుకొమ్మని రాయించిండు. కండ్లార చూసిన. చూసి ఒకటి పంపు అని కొడుతుంటే పక్కన కూసున్నడు. 'ఒక్క పొట్టేలు ఏం సరిపోతుంది, మీ ఇంట్లో విందంటే నేనూ వస్తాను' అని ఫోన్ గుంజుకొని రెండు చేసి పంపిండు. గాడు మంచి మూడ్‌ల ఉండి చేసిండు, ఏం తెలువదు. గా తరువాత అందరి ఫోన్లు తీసుకొని పెట్టెల పెట్టి తాళమేసిండు."

"మరి?"

"మరి ఏం జెయ్యాలె? మెసేజ్ పోయింది. తప్పని నీకు చెప్పే తోవ లేదు. గొర్లు సూస్తనని కారు అంగడికి తోలిచ్చిన."

జితేందర్‌కు అప్పుడు అర్థమైంది. అర్థమైనది ఒక్కసారి దిగలేదు, మెల్లమెల్లగా దిగింది. "ద్రాక్షపండ్లు," అన్నాడు.

"ఊఁ."

"మూతి తుడుసుడు."

"గది నీ కోసమే. పండ్లకు కదులుతవో కదలవో అని."

"నేను నీ మీద అనుమానపడి, నువ్వు చెప్పిందానికి ఉల్టా చేస్తనని లెక్కేసినవా?"

"ఏడాది నుంచి చూస్తున్న గద. ఉత్తరం అంటే దక్షిణం పోతవ్. పాలు పోసేటోనితోని నవ్వితే నాలుగు రోజులు పాలు తాగవ్."

"ఆఫీసుల నన్నెందుకు ఆపినవ్?"

"లోపలికి పోయిన వెంటనే కార్డు తెరిచి సూసిన. మన దొంగ వెంకటేశ్వర్లు పాత తేదీతోని కూసున్నడు. అంత సక్కగ ఉన్నది అనుకుంటుంటే, నువ్వు గొంగడేసుకొని ఖరాబు చేసేతందుకు ఉరికొచ్చినవ్."

జితేందర్ నవ్వాలో ఏం చేయాలో తెలియక కిటికీలోంచి చూశాడు. విక్టర్ దొరికినందుకు సంతోషించాలి. ఆమె బతికింది, లారీ ఆగింది. కాని ఎక్కడో ముల్లు దిగినట్టుంది. తన మీద ఇంత గురి ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు. పెట్టిన గురి తన మంచితనం మీద కాదు.

"భయం కాలేదా?" అడిగాడు.

"అయింది." సంతోషి గొంతు కొంచెం తగ్గింది. "రాత్రంతా నిద్రపోలే. పెండ్లయినకాడి నుంచి మొదటిసారి, నువ్వు నన్ను నమ్ముతవేమోనని భయమైంది."

ఆమె ఏడవలేదు, కోపంగా కూడా లేదు. అలసిపోయి, అద్దానికి తల ఆనించి కళ్లు మూసుకుంది. అతని భుజం పక్కనే ఉంది. అద్దానికి ఆనించింది. జితేందర్ గొంగడి తీసి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. వాసన అడ్డమేమోనని అనుకున్నాడు. ఆమె అయినా ఇటు జరగలేదు.

రైస్ మిల్లులో ప్రభాకర్ ఎదురుగా నిలబడి జితేందర్ జరిగినదంతా దాచకుండా చెప్పాడు. వచ్చిన మెసేజ్ ఏమిటి, తను ప్రశాంత్‌కు చెప్పింది ఏమిటి, ఎందుకు చెప్పాడు. ప్రశాంత్ తల దించుకుని తన వైర్లు చుట్టుకుంటున్నాడు. సంతోషి బస్తా మీద కూర్చుని పట్టుచీర అంచుకంటిన దుమ్ము దులుపుకుంటోంది.

"సస్పెండ్ చేయండి సార్," అన్నాడు జితేందర్. "తప్పు నాది. ఈ అనుమానం ఇంక మానేస్తా. ఒట్టు."

సంతోషి దులపడం ఆపి తలెత్తింది. ప్రభాకర్ ఆమె వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూశాడు.

"అనుకున్నవెంటనే మానేయడానికి అదేమన్నా నీ సొంతమా?" అన్నాడు. "ఈ ఆపరేషన్ అయ్యాక అది డిపార్ట్‌మెంట్ ఆస్తి. పైనుంచి పర్మిషన్ వచ్చేదాకా రిపేర్ చేయించకు."